చిప్పుల నుంచి బ్యాక్టీరియాకి

హబ్సిగూడ, హైదరాబాద్

ఒరేయ్ శ్రీనూ,

చిప్పుల పాఠాలు పక్కనపెట్టి సింథటిక్ బయాలజీకి, అంటే జీవకణాల్లో కొత్త డీఎన్ఏ కట్టే పనికి, వస్తానంటున్నావుగా, రారా. ఎంఐటీలో టామ్ నైట్ అచ్చం నీలాంటి కంప్యూటర్ల మనిషే, లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష కోసం ప్రత్యేక కంప్యూటర్లు, లిస్ప్ మెషీన్లు కట్టినాయన. తొంభైల్లో క్లాసుల్లో కూర్చుని బయాలజీ నేర్చుకుని, కంప్యూటర్ సైన్స్ ల్యాబ్‌లోనే బ్యాక్టీరియాకి చోటిచ్చాడు. 2008లో గింకో బయోవర్క్స్ అనే బయోటెక్ కంపెనీ పెట్టినవాళ్లలో ఆయనా ఉన్నాడు. నీకు పనికొచ్చేది మాత్రం 2003లో ఆయన తెచ్చిన బయోబ్రిక్ పద్ధతి, డీఎన్ఏ ముక్కల్ని ఇటుకల్లా ఒకదానికొకటి అతికించే తీరు.

ప్రతి డీఎన్ఏ ముక్కకీ ముందు ఎకోఆర్‌వన్, ఎక్స్‌బావన్ అనే కత్తెర ఎంజైముల కోతచోట్లు. వెనక స్పీవన్, పీఎస్‌టీవన్. ఎక్స్‌బా, స్పీ కోసిన అంచులు రెండూ సీటీఏజీ అనే డీఎన్ఏ అక్షరాలే కాబట్టి అతుక్కుంటాయి. అతికాక అక్కడ ఆ రెండు ఎంజైములూ కొయ్యలేవు, కలిసిన ముక్క మళ్లీ ఒక బ్రిక్కే. భలే తెలివి కదూ! చిక్కల్లా అతుకులో మిగిలే ఎనిమిది అక్షరాలతో: టీఏసీటీఏజీఏజీ. ప్రొటీన్ కోసం కణం అక్షరాల్ని మూడేసి చొప్పున చదువుతుంది. ఎనిమిది మూడుతో భాగించబడదు, పైగా మధ్యలో టీఏజీ అంటే స్టాప్, చదవడం అక్కడే ఆగుతుంది. రెండు ప్రొటీన్లని ఇలా కలిపావో, రెండోది తయారే కాదు. దానికి, అతుకులో అదనపు అక్షరాలు మిగలని గిబ్సన్ పద్ధతి వాడుకో.

కోత 37 డిగ్రీల్లో అరగంట, ఆపైన 80 డిగ్రీల్లో 20 నిమిషాలు పెట్టి ఎంజైముని చంపాలి. అతికించాక (దీన్నే లైగేషన్ అంటారు) 50 మైక్రోలీటర్ల కాంపిటెంట్ కణాల్లో, అంటే డీఎన్ఏని లోపలికి తీసుకునేలా సిద్ధం చేసిన బ్యాక్టీరియాలో, ఆ మిశ్రమం 2 మైక్రోలీటర్లు చాలు. ఎక్కువ పోస్తే లైగేషన్ బఫరే పని చెడగొడుతుంది. ఐస్‌లో అరగంట, 42 డిగ్రీల్లో 45 సెకన్లు, మళ్లీ ఐస్, తర్వాత గంటసేపు 37లో షేకర్. మే నెలలో కరెంటు పోయి మైనస్ 80 ఫ్రీజర్లో కణాలు కరిగాయంటే మళ్లీ గడ్డకట్టించి లాభం లేదు, పారెయ్.

ఆ కణాల్ని పరిచిన ఆంపిసిలిన్ (యాంటీబయాటిక్ మందు) ప్లేటు రాత్రంతా కన్నా ఎక్కువసేపు ఉంచకు. పెద్ద కాలనీ చుట్టూ ఆవగింజల్లా చిన్నవి లేస్తాయి. పెద్దది బయటికి వదిలిన ఎంజైము మందుని తినేయడంతో ప్లాస్మిడ్ (మందుని తట్టుకునే జన్యువుతో పాటు నీ ముక్కనీ మోసే డీఎన్ఏ వలయం) లేనివీ బతికేస్తాయి. పెద్దదాన్నే గిల్లుకో. ఇన్సర్ట్ (నువ్వు చొప్పించే ముక్క) లేకుండా, కోసిన వెక్టర్ (దాన్ని మోసే ప్లాస్మిడ్) ఒక్కదానితో ఇంకో ప్లేటు పెట్టు. అందులోనూ అన్నే కాలనీలొస్తే కోత సరిగా పడలేదని అర్థం.

ఇలా కలిపిన జన్యువుల్నీ సర్క్యూట్ అంటారు, ఆ మాటని మరీ నమ్మకు. 2000లో ఎలోవిట్జ్, లైబ్లర్ ఒకదాన్నొకటి ఆపే మూడు రిప్రెసర్లతో (జన్యువుల్ని ఆపే ప్రొటీన్లు) బ్యాక్టీరియాలో ఆసిలేటర్ కట్టారు. కణం గంటకోసారి విడిపోతుంటే, దాని ఆవర్తన కాలం రెండున్నర గంటల పైమాట. ఊగింది 40 శాతం కణాల్లోనే! నీ బెంచీ మీద అలాంటి ఆసిలేటర్‌ని ఎవడు పాస్ చేస్తాడు?

ఎంజైములు కొనేముందు మీ కాలేజీలో బయోసేఫ్టీ కమిటీ ఉందో లేదో కనుక్కో. లేకపోతే ఉన్నచోట ఎవరితోనైనా జత కట్టాల్సిందే.

నీ
రఘు