మా ఆయన కోసం పరుగెత్తుకొచ్చిన అందరికీ

విమాన ప్రమాదం నుంచి బయటపడి మా ఆయన ఇంటికి వచ్చేశారు. వెన్నుపూసలో సన్నని పగులు ఉంది, కొన్ని వారాలు బెల్టు పెట్టుకుని రెస్ట్ తీసుకోవాలన్నారు. ఫోన్లు చేసినవాళ్లందరితో మాట్లాడలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. ఆయన ఇక్కడ అమెరికాలో, ఆర్కాన్సా రాష్ట్రంలో వరి పొలాలకు మందు కొట్టే, యూరియా చల్లే విమానం నడుపుతారు. ఆ రోజు ట్యాంకులో టన్నున్నర దాకా యూరియా ఉంది. పొలం మీదికి దిగి చల్లడం మొదలుపెట్టగానే ఇంజిన్ పవర్ పడిపోయింది. ఉన్న వేగంతోనే కాస్త పైకి లేపి, డంప్ లీవర్ లాగి యూరియా అంతా వదిలేసి, ఎదురుగా ఉన్న మడిలోనే దించేశారు. రన్‌వేకి వెళ్దామని వెనక్కి తిప్పబోయి ప్రాణాలు పోగొట్టుకున్న పైలట్లు ఉన్నారు. అంత కిందుగా మలుపు తిప్పొద్దని ఆయనకు నూరిపోసిన గురువుగారికి మొదటి దండం. ఆ మడికి ఇంకా నీళ్లు పెట్టకపోవడం మా అదృష్టం. నీళ్లుంటే చక్రాలు దిగబడి విమానం బోర్లా పడేదేమో. గట్టు తగిలి ఒక చక్రం విరిగి ఆగింది.

పొలం రైతు పికప్‌లో అందరికంటే ముందు చేరుకున్నారు. "కదలకు, కదలకు" అంటూ మెడ పట్టుకుని కూర్చున్నారట. ఊరి వాలంటీర్ ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్లు చేతిలో పని వదిలేసి వచ్చారు. జీతం లేని మనుషులు వాళ్లు! రేడియోలో మాట ఆగిపోగానే అందరినీ పిలిచింది రన్‌వే దగ్గర యూరియా నింపే కుర్రాడు.

ఫ్రెడ్ వీక్ గారినీ తలచుకోవాలి. ఆయన 1993లో పోయారు. విమానం కూలినా పైలట్ బతకాలన్న పట్టుదలతో 1950లో టెక్సాస్‌లో ఏజీ-1 అనే, పొలాలకు మందు కొట్టే విమానాన్ని రూపొందించిన ఇంజనీర్ ఆయన. మా ఆయన విమానంలోనూ ఇంజిన్, ట్యాంకు ముందు ఉంటాయి, పైలట్ వాటి వెనక ఎత్తుగా కూర్చుంటాడు. దెబ్బ ముందు వాటికి తగులుతుంది.

నాకు కళ్లనీళ్లు తెప్పించింది మాత్రం పక్క ఊరి స్ప్రేయింగ్ ఓనరు. వ్యాపారంలో మాకు పోటీ. పొడినేల మీద చల్లిన యూరియాకు కొద్దిరోజుల్లో నీళ్లు కట్టకపోతే కొంత గాల్లో కలిసిపోతుంది, అదను తప్పితే రైతుకు నష్టం. అడగకుండానే తన విమానం పంపి మా రైతుల పొలాలన్నీ పూర్తి చేయించారు. ఆ డబ్బు మా ఖాతాలోనే రాసుకోమన్నారు.

మెంఫిస్ నుంచి అంత దూరం అన్నం, పప్పు, చారు మోసుకొచ్చిన అక్కలూ, రాత్రుళ్లు పిల్లల్ని చూసుకున్న వదినా, తెనాలిలో మా అత్తయ్య పక్కనే కూర్చున్న బంధువులూ, మీ రుణం తీర్చుకోలేను.

ఇంజిన్ పవర్ ఎందుకు పడిపోయిందో ఎన్‌టీఎస్‌బీ (ఇక్కడ విమాన ప్రమాదాలను దర్యాప్తు చేసే ప్రభుత్వ సంస్థ) వాళ్లు చూస్తున్నారు. అది తేలేదాకా ఎవరినీ ఏమీ అనొద్దని మనవి. ఆయన ఎక్కువసేపు కూర్చోలేరు, సాయంత్రాలు ఫోన్ చేస్తే మాట్లాడతారు.