మనోవర్తి ఉత్తర్వు సరే, వసూలు చేసేదెవరు?

సంపాదకులకు,

మనోవర్తి ఎగవేసిన ఒక తండ్రిని అరెస్టు చేశారని పోయిన వారం మీ జిల్లా పేజీలో నాలుగు ముక్కల్లో వార్త వేశారు. చదివినవాళ్లంతా చట్టం గట్టిగా పనిచేస్తోందనే అనుకుని ఉంటారు. ఆ అరెస్టు దాకా రావడానికి ఆ తల్లి ఎన్ని గడపలు ఎక్కి దిగిందో మీ వార్తలో లేదు. మా మేనకోడలి వెంట కోర్టుకు తిరుగుతున్నవాణ్ని కనుక రాస్తున్నాను.

ఆమె బిడ్డ పోషణకు తండ్రి నెలకు రూ.6,000 ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది. మూడో తరగతి పిల్లకు స్కూలు ఫీజు, వ్యాను, పుస్తకాలకే ఆ డబ్బు చాలదు. అదీ రావడం లేదు. ఎరువుల దుకాణం నడిపే ఆ తండ్రి తాను రోజుకూలీనని కోర్టులో ప్రమాణపత్రం దాఖలు చేశాడు. దుకాణం తల్లి పేరున, కారు తమ్ముడి పేరున ఉన్నాయి. మనోవర్తి కేసుల్లో ఇరుపక్షాలూ ఆదాయం, ఆస్తుల వివరాలు ప్రమాణపూర్వకంగా ఇవ్వాలని రజనేష్–నేహా కేసులో సుప్రీంకోర్టు 2020లోనే చెప్పింది. ఇచ్చినవి అబద్ధాలైతే అడిగేవారేరి? రుజువు చేసే భారమంతా మళ్లీ ఆ పిల్ల తల్లి మీదే.

మనోవర్తి ఇప్పించే పాత సీఆర్‌పీసీ (నేర విచారణ స్మృతి) 125వ సెక్షన్, దాని స్థానంలో 2024 జులై నుంచి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత)లో 144 అయింది. నంబరు మారింది తప్ప ఆడవాళ్ల తిప్పలు మారలేదు. బాకీ పడిన ఏడాదిలోగా దరఖాస్తు చేసుకోకపోతే ఆ బాకీకి వారెంటు ఇవ్వరు. అందుకని లాయరు ఫీజుకు అప్పు చేసైనా మళ్లీ మళ్లీ పిటిషన్లు వేస్తూనే ఉండాలి. వారెంటు వస్తే అది స్టేషనుకు వెళ్లి, ‘ఇంటి వద్ద లేడు, ఆచూకీ తెలియలేదు’ అన్న రాతతో తిరిగి వస్తుంది. అదే రోజుల్లో అతను గల్లాపెట్టె ముందు కూర్చుని రైతులకు బిల్లులు రాయడం నేను కళ్లారా చూశాను. స్టేషనున్న వీధి చివరే ఆ దుకాణం. ఆ మాటే చెబితే ‘అయితే మీరే బండి మాట్లాడుకుని రండి, వచ్చి పట్టుకుంటాం’ అన్నారు.

ఎలాగో పట్టుకొచ్చినా ఒరిగేది లేదు. కోర్టు వరండాలోనే రెండు నెలల డబ్బు లెక్కపెట్టి చేతిలో పెడతాడు, మిగతాది వచ్చే వాయిదాకు కడతానంటాడు. దాంతో వారెంటు రద్దు. వచ్చే వాయిదాకు మనిషి కనిపించడు. ఒక్కో నెల బకాయికి నెల దాకా జైలు వేయవచ్చని చట్టంలో ఉంది. జైలుకు వెళ్లినంత మాత్రాన బాకీ తీరదని సుప్రీంకోర్టు ఏనాడో తేల్చింది. ఇవన్నీ అతనికీ తెలుసు, జైలు దాకా రానివ్వరనీ తెలుసు.

కరెంటు బిల్లు ఆగితే లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీక్కుపోతాడు. పసిపిల్ల తిండి డబ్బు ఎగ్గొట్టినవాడి గుమ్మం మాత్రం ఎవరూ తొక్కరు. ఏటా మార్చి 8న వేదికలెక్కి మహిళా సంక్షేమం గురించి మాట్లాడే అధికారులు తమ కార్యాలయాల్లో మూలుగుతున్న ఈ కాగితాల వైపు ఒక్క పూట చూడలేరా? ఒకప్పుడు స్టేషనుకు వెళ్లిన ఆడమనిషిని కనీసం కూర్చోమనేవారు. ఇప్పుడు ఆ మర్యాద కూడా పోయింది.

ఉద్యోగస్థుడైతే జీతం జప్తు చేయించవచ్చు. సొంత వ్యాపారం చేసుకునేవాడి సంగతేమిటని అధికారులు అడుగుతారు. జరిమానా వసూలు చేసినట్టే మనోవర్తి బాకీ వసూలు చేయాలని చట్టమే చెబుతోంది. కలెక్టరుకు వారెంటు పంపి, భూమిశిస్తు బకాయిలాగా ఆస్తి నుంచి రాబట్టే వీలు కూడా ఉంది. దాన్ని వాడితే తల్లి పేరున, తమ్ముడి పేరున దాచిన ఆస్తుల గుట్టు కూడా విచారణలో బయటపడుతుంది. ఏ స్టేషనులో ఎన్ని మనోవర్తి వారెంట్లు అమలు కాకుండా పడి ఉన్నాయో, ఎన్నాళ్లుగా ఉన్నాయో జిల్లా పోలీసు అధికారులు నెలనెలా ప్రకటించాలి. ఆ జాబితాను అడిగి తెప్పించి మీ పత్రికలో వేయాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు
(పిల్ల క్షేమం దృష్ట్యా నా పేరు, ఊరు ప్రచురించవద్దని మనవి)