ఐదు వేల పాయింట్లంటే వెయ్యి రూపాయలట!

సంపాదకుల వారికి నమస్కారం.

వేసవి సెలవుల్లో ఇంటిల్లిపాదీ టూరు వెళ్లడానికి క్రెడిట్ కార్డు పాయింట్లు బాగా అక్కరకొస్తాయని మీ పత్రికలో ఈమధ్య ఒక కథనం వేశారు. ఏ కార్డుకు ఎన్ని పాయింట్లో పట్టిక కూడా ఇచ్చారు. పాయింటు అంటే ఎన్ని పైసలో మాత్రం ఎక్కడా లేదు. నేను దెబ్బతిన్నది సరిగ్గా అక్కడే కాబట్టి ఈ ఉత్తరం.

నేను తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో పంతొమ్మిదేళ్లుగా గుమాస్తాని. కర్నూలు సరుకు ఎన్ని బస్తాలు దిగిందో, మహారాష్ట్ర సరుకు ఎంతకి పోయిందో, ఎవరి ఖాతాలో ఎంత బాకీ ఉందో పైసలతో సహా చెబుతాను. అలాంటివాణ్ని కిందటేడాది జూన్‌లో పిల్లలకి స్కూలు బ్యాగులు కొందామని రాజమండ్రిలో ఒక మాల్‌కి వెళ్లి, మెట్ల పక్కన బల్ల వేసుకుని కూర్చున్న కుర్రాడి దగ్గర బోల్తా పడ్డాను. "కార్డు తీసుకుంటే ఐదు వేల పాయింట్లు సార్, ఫ్యామిలీతో ఊటీ వెళ్లొచ్చేయొచ్చు" అన్నాడు. ఊటీ మాట వినగానే మా చిన్నది చొక్కా పట్టుకుని లాగడం మొదలెట్టింది. ట్యాబ్ మీద వేలితో గీశాను, అదే సంతకం. చదువుకోవడానికి కాగితం ముక్క ఇవ్వలేదు. నేనూ అడగలేదనుకోండి.

ఆ రోజు నుంచి కిరాణా, గ్యాసు, స్కూలు ఫీజులు, ఇన్సూరెన్స్ ప్రీమియం, బండికి పెట్రోలు అన్నీ కార్డు మీదే. పదకొండు నెలల్లో 1,62,000 గీకాను. నూటికి రెండు చొప్పున 3,240 పాయింట్లు పడాలి. పడినవి 1,684. ఫోన్ చేస్తే, పెట్రోలుకీ ఫీజులకీ ఇన్సూరెన్సుకీ పాయింట్లు ఉండవంది ఆ అమ్మాయి. మా ఇంట్లో పెద్ద ఖర్చులే అవి!

ఇక పాయింట్లను డబ్బుగా బిల్లులో జమ చేయించుకుంటే ఒక్కోదానికి 20 పైసలు. మొదట ఇచ్చిన ఐదు వేలు కలుపుకుని 6,684 పాయింట్లకి 1,336 రూపాయల 80 పైసలు. మార్చినందుకు 99 రూపాయలు, జీఎస్టీతో 116.82 పట్టుకున్నారు. నికరంగా వచ్చింది 1,219.98. ఏడాది ఫీజు 1,499, జీఎస్టీతో 1,768.82. అంటే 548 రూపాయల 84 పైసలు నేనే ఎదురిచ్చాను. రెండు లక్షలు వాడితే ఫీజు మాఫీ అన్న మాట నిజమే. పదిహేడు వందల చిల్లర మిగుల్చుకోవడానికి ఇంకో 38 వేలు ఖర్చు పెట్టమంటారా?

పాయింట్లతో వాళ్ల సైట్లోనే లాడ్జి గది బుక్ చేస్తే పాయింటుకి 25 పైసలు కడతామన్నారు. చూస్తే గది రోజుకి 2,900. అనుమానం వచ్చి ఊటీలోని ఆ లాడ్జికే ఫోన్ చేశాను. వచ్చీరాని తెలుగులో "నేరుగా వస్తే 2,200" అన్నాడాయన.

ఇదంతా ఒక ఎత్తు, సంక్రాంతి నెల బిల్లు ఒక ఎత్తు. 18,460కి 18,000 కట్టి, మిగతా 460 వచ్చే నెల చూద్దాంలే అనుకున్నాను. నెలకి మూడున్నర శాతం చొప్పున పదహారు రూపాయలు వడ్డీ పడుతుంది, పోనీ అని నా లెక్క. పడింది 712, దాని మీద జీఎస్టీ 128.16. బిల్లు పూర్తిగా కట్టకపోతే వడ్డీ లేని గడువు మొత్తం ఎగిరిపోతుంది. కొన్న రోజు నుంచీ వడ్డీ వేస్తారు, ఆ తర్వాత కొన్నవాటికీ వేస్తారు. మా మార్కెట్లో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటేనే ముఖం మాడ్చుకుంటారు. కార్డు వడ్డీ ఏడాదికి 30 శాతం దాటకూడదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పిన మాటను 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది కాబట్టి ఆ ఆశా లేదు.

ఊటీ వెళ్లాం లెండి. మా ఆవిడ పాడిన చీటీ డబ్బుతో. మెట్టుపాళయం నుంచి బొమ్మ రైలు 46 కిలోమీటర్లు ఎక్కడానికి దాదాపు ఐదు గంటలు తీసుకుంది. మా అమ్మ కిటికీ వదల్లేదు.

కార్డులే వద్దని నేననను. హైదరాబాద్‌లో ఉండే మా బావమరిది నెలకి రెండుసార్లు విమానం ఎక్కుతాడు, పాయింట్లని విమాన టికెట్లకి పనికొచ్చే మైళ్లుగా మార్చుకుంటాడు, వాడికి గిట్టుబాటు. మాలాంటి వాళ్లకి ఏడాది ఫీజు లేని, నూటికి రూపాయి నేరుగా వెనక్కిచ్చే కార్డు చాలు. ఇప్పుడు నాకున్నది అదే. బిల్లు మొత్తం గడువు తేదీన బ్యాంకు ఖాతాలోంచి దానంతటదే కట్ అయ్యేలా పెట్టుకున్నాను.

పాత కార్డు తీసేయమంటే మూడుసార్లు ఫోన్ చేసి బతిమాలారు. బాకీ లేకపోతే ఏడు పనిదినాల్లో మూసేయాలి, ఆలస్యమైతే రోజుకి 500 చొప్పున మనకే ఇవ్వాలి అని ఆర్‌బీఐ ఆదేశాల్లో ఉందన్నాను. ఆరో రోజున మూసేశారు. (పాయింట్లు ముందే మార్చేసుకోండి, మూశాక ఉండవు.) దరఖాస్తుతో పాటే వడ్డీ, చార్జీలు రాసిన ఒక పేజీ ఇవ్వాలనీ, షరతులు వీలైతే స్థానిక భాషలో ఉండాలనీ కూడా ఆ ఆదేశాల్లోనే ఉంది. మాల్‌లో బల్ల వేసుకున్న వాళ్లు ఆ పేజీని తెలుగులో చేతికిస్తున్నారో లేదో బ్యాంకుల పెద్దలు ఒకసారి వచ్చి చూడాలి. బ్యాంకు నెల రోజుల్లో పట్టించుకోకపోతే ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ ఉన్నారు, 14448కి ఫోన్ చేసి అడగవచ్చు.

మీకూ ఒక మనవి. ఈసారి అలాంటి పట్టిక వేసేటప్పుడు, ప్రతి కార్డు పక్కనా 'పాయింటుకి ఎన్ని పైసలు' అని ఇంకో గడి గీయించండి.

ఇట్లు,
ఒక గుమాస్తా,
ఉల్లిపాయల మార్కెట్, తాడేపల్లిగూడెం