విజయవాడ సింగ్‌నగర్‌లోని మన కాలనీ సంక్షేమ సంఘం: 2025–26 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా రాసే విషయాలు, అంటే డ్రైన్ల పూడిక, వీధి దీపాలు, కుక్కల బెడద, పార్కు గేటు తాళం ఎవరి దగ్గరుండాలనే పంచాయితీ, ఇవన్నీ ఈసారి చివర్లో నాలుగు ముక్కల్లో తేల్చేస్తాను. ఈ ఏడాది సంఘం ఎక్కువ టైమ్ పెట్టింది వరద పోయాక కూడా మన ఇళ్లలోంచి పోని భయం మీద. "ఇది మన పనేనా, డాక్టర్లు చూసుకుంటారు కదా" అని కార్యవర్గంలోనే కొందరు అన్నారు. అడగాల్సిన మాటే. కానీ మోటార్లు రిపేరు చేయించుకుని, కొత్త పరుపులు కొనుక్కుని, గోడలకు రంగులేయించుకున్నాక కూడా వాన చినుకు పడితే చాలు అర్ధరాత్రి లేచి గుమ్మం బయట టార్చి వేసి చూసేవాళ్లు మన ప్రతి లైన్లోనూ ఉన్నారు. ఆ ఇంట్లో పిల్లలకు చదువు ఎక్కదు, పెద్దలకు పొద్దున్నే పని మీద ధ్యాస ఉండదు. డ్రైను సంగతి పట్టించుకునే సంఘం దీన్ని పట్టించుకోకపోతే ఎలా?

కొత్తగా అద్దెకు దిగిన సభ్యుల కోసం రెండు మాటలు. 2024 ఆగస్టు 31న కుండపోత వాన, సెప్టెంబర్ 1 ఆదివారం నాటికి వీధుల్లో నీళ్లు. బయటూరి చుట్టాలు ఇప్పటికీ "కృష్ణ పొంగిందట కదా" అంటుంటారు. అప్పుడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద వచ్చిన మాట నిజమే గానీ, మనల్ని ముంచింది బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేట్లో కలిసే ఆ వాగుకు మూడు గండ్లు పడ్డాయి. వాటిని పూడ్చడానికి ఆర్మీ కూడా రావాల్సొచ్చింది. 2005లోనూ ఇదే బుడమేరు ముంచిందని పాతకాపులకు గుర్తే. అందుకే "ఇంక రాదులే, ధైర్యంగా ఉండు" అంటే ఇక్కడెవరూ నమ్మరు, నమ్మక్కర్లేదు కూడా. మనవాళ్ల భయంలో సగం న్యాయమైనదే. ఆ సగానికి ఏం చెయ్యాలి, మిగతా సగానికి ఏం చెయ్యాలి అన్నది తేల్చుకోవడానికే ఏడాది పట్టింది.

ఇది మొదలైంది కూడా అనుకోకుండానే. ఎండాకాలంలో మోటారు పంపుల జాబితా రాద్దామని ఇంటింటికీ తిరిగాం. ఒక పెద్దావిడ ఇంట్లో (ఆవిడను అడిగే రాస్తున్నాను) సీలింగు ఫ్యాను లేదు. ఫ్యాను కొక్కేనికి నైలాన్ తాడుతో ఒక మూట వేలాడుతోంది. పిల్లల పదో తరగతి మార్కుల లిస్టులు, రేషన్ కార్డు, ఇంటి పట్టా జిరాక్సు, భర్త డెత్ సర్టిఫికెట్, అన్నీ ఒక పాల కవర్లో, దాన్ని ఇంకో కవర్లో, దాన్ని మళ్లీ ఎరువుల సంచిలో చుట్టి కట్టింది. మొదటిసారి నీళ్లొచ్చినప్పుడు ఈ కాగితాలన్నీ బురదలో ముద్దయిపోతే ఒక్కొక్కటీ మళ్లీ తెచ్చుకోవడానికి ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగిన మనిషి. "ఏం పిన్నిగారూ, బెజవాడ ఎండలు, ఫ్యాను లేకుండా ఉక్కపొయ్యదా?" అంటే "ఉక్కకేం చావంలే బాబూ" అంది. ఆ మాటతో పంపుల జాబితా పక్కన పెట్టి, "వానొస్తే మీ ఇంట్లో ఏం జరుగుతుంది" అని అడగడం మొదలుపెట్టాం. పంపు గురించి అడిగితే రెండు ముక్కల్లో పంపేసినవాళ్లు దీనికి మాత్రం కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి మరీ చెప్పారు.

తర్వాత ఒక మానసిక వైద్యుడు మన కమ్యూనిటీ హాలుకు వచ్చి మాట్లాడారు, పైసా తీసుకోలేదు. ఆయన చెప్పినవాటిలో అందరికీ పనికొచ్చేవి రాస్తాను. ప్రాణభయం కలిగిన ఘటన తర్వాత కొన్ని వారాలపాటు నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం, అదే కళ్ల ముందు కదలడం మామూలే, చాలామందికి వాటంతట అవే తగ్గుతాయి. నెల దాటినా తగ్గకుండా, పీడకలలు, గుండె దడ, ఆ చోటుకు పోకుండా తప్పించుకు తిరగడం, ఇంట్లోవాళ్ల మీద ఊరికే విరుచుకుపడటం కొనసాగుతూ రోజువారీ పనులు చెడిపోతుంటే దాన్ని ట్రామా వల్ల వచ్చిన జబ్బుగా చూడాలి, పీటీఎస్‌డీ అంటారు. బురద వాసన, పడవ మోటారు లాంటి చప్పుడు, చీకట్లో కరెంటు పోవడం, ఏదో ఒకటి తగిలి మెదడు మళ్లీ ఆ రోజులోనే ఉన్నట్టు ఒంటిని పరిగెత్తిస్తుంది, మనిషి బలహీనుడని కాదు. దీనికి వైద్యం ఉంది. ట్రామా కోసమే రూపొందించిన మాటల చికిత్సలు ఉన్నాయి, కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ చేసే ఈఎండీఆర్ అనే పద్ధతి ఉంది, అవసరమైతే డాక్టరు మందులూ రాస్తారు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నిద్రమాత్రలు మాత్రం దీనికి పరిష్కారం కాదని, అలవాటుపడితే అదో తలనొప్పని ఆయన గట్టిగా చెప్పారు. సాయంత్రం క్వార్టర్ సీసా సంగతి ఆయన చెప్పకముందే వెనక బెంచీల్లో ఇద్దరు ముగ్గురు తల దించుకున్నారు, నేను చూశాను.

ఇక్కడ ఒక కడుపుమంట కూడా రాయాలి. వరద తగ్గిన కొత్తలో కౌన్సెలింగ్ పేరుతో ఒక బృందం వచ్చింది, పేరెందుకులెండి. అందరినీ వరుసగా నిలబెట్టి, మైకిచ్చి, "ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పండి" అన్నారు. ఏడ్చినవాళ్లను వీడియో తీసుకుని వెళ్లిపోయారు, మళ్లీ రాలేదు. అప్పుడే జరిగినదాన్ని ఒక్క సిట్టింగులో బలవంతంగా చెప్పించడం మేలు చేయదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది. ఆ సంస్థ 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స గైడు చెప్పేది మూడే పనులు: చూడటం, వినడం, కావలసిన సాయంతో కలపడం. చెప్పాలనిపిస్తే వినాలి, లేకపోతే మంచినీళ్లు, ఫోను చార్జింగు, బంధువుల జాడ చూడాలి. మన కుర్రాళ్లు నడుముల్లోతు నీళ్లలో పాల ప్యాకెట్లు మోశారు చూడండి, ఆ పని ఏ కౌన్సెలింగుకూ తీసిపోదు.

ఆదివారం సాయంత్రాలు మేడ మీద కూర్చుని మాట్లాడుకునే పద్ధతి పెట్టాం. ఆడవాళ్లు బాగా వచ్చారు. అక్కడ రెండే నియమాలు: విన్నది మెట్లు దిగాక ఎవరికీ చెప్పకూడదు, సలహా అడిగితేనే ఇవ్వాలి. రెండోది పాటించడం మన జాతికే కష్టం అనుకోండి. ఒకావిడ తన గోడ మీద నీటి గీత గురించి చెప్పింది. ఆయనేమో రంగు వేయించేద్దాం అంటాడు, ఆవిడేమో వద్దంటుంది, ఏడాదిగా ఇదే గొడవ. ఆయనకు రోజూ అన్నం తింటూ ఆ గీత చూడాలంటే ముద్ద దిగదు. ఆవిడకు ఆ గీత చెరిపేస్తే, ఇంత జరిగింది మాకు అని చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. చివరికి ఇల్లంతా రంగు వేయించి, తలుపు వెనక జానెడు మేర గీత ఉంచుకున్నారు. ఎవరూ సలహా ఇవ్వకపోయినా వాళ్లే తేల్చుకున్నారని నొక్కి చెబుతున్నాను.

మగవాళ్లు మేడ మీదికి రాలేదు. ఎంత పిలిచినా "మాకేం లేదన్నా" అన్నవాళ్లు ఆటోస్టాండు దగ్గర టీ కొట్టులో మాత్రం గంటలు గంటలు మాట్లాడారు, అందుకని మేమే అక్కడికి వెళ్లాం. ఒక తమ్ముడి ఆటో ఇంజన్లోకి నీళ్లెళ్లి పాడైంది, వాయిదాలు ఆగాయి, ఫైనాన్స్ వాళ్ల ఫోన్లు ఆగలేదు. ఫోను మోగితే చాలు చేతులు వణికేవి. అతన్ని కౌన్సెలింగుకు పంపుదామని అనుకుంటుంటే మన కోశాధికారి గారు "ముందు అప్పు సంగతి చూద్దాం" అని అతనితో కలిసి వెళ్లి, లెటరు రాయించి, వాయిదాలు సర్దుబాటు చేయించారు. ఇప్పుడు నిద్ర పడుతోందట. అందరికీ ఇంత తేలిగ్గా తేలుతుందని కాదు. అప్పు తీరినా కోలుకోనివాళ్లనూ చూశాం, వాళ్లను డాక్టరు దగ్గరికి తోడుండి తీసుకెళ్లాం. ప్రభుత్వం కింది అంతస్తుకు 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు ఇచ్చింది, అది సామాన్లకు. పనులు పోయిన నెలలకు, పోయిన నిద్రకు ఎవరూ లెక్క కట్టలేదు.

అన్నిటికంటే బాగా పనిచేసింది ఏదంటే కల్వర్టు గోడ మీద వేసిన రంగు గీతలు. నవ్వకండి. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. మబ్బు పడితే కడుపులో తిప్పి వాంతి చేసుకునే తొమ్మిదో తరగతి పిల్లాడొకడు ఉన్నాడు, వాన రోజుల్లో ఆ గీత చూసి ఫొటో తీసి గ్రూపులో పెట్టే పని వాడికే ఇచ్చాం, పక్కన వాళ్ల బాబాయ్ తోడు. పచ్చ మీదుంటే పడుకోవచ్చు, పసుపైతే కాగితాలూ మందులూ మేడ మీదికి, ఎరుపైతే ముసలివాళ్లూ పసిపిల్లలూ ముందు. ఏ ఇంటివాళ్లు ఎవరి మేడ ఎక్కాలో ముందే రాసుకున్నాం. వరద వార్త గ్రూపులో పెట్టే హక్కు ఇద్దరికే, ఫార్వర్డులు నిషేధం. వాడికి వాంతులు పూర్తిగా పోలేదు గానీ వాన రోజున బడికి వెళ్తున్నాడు.

వరదకు ఏడాది నిండిన రోజు గురించి డాక్టరు ముందే హెచ్చరించారు, అలాంటి తేదీ దగ్గరపడేకొద్దీ తగ్గిన బాధ మళ్లీ లేస్తుందని. 2024లో చవితి సెప్టెంబర్ 7న వచ్చింది, బురద ఎత్తుకుంటూ గడిపాం. 2025లో ఆగస్టు 27న వచ్చింది, కాబట్టి సెప్టెంబర్ 1 నాటికి పందిట్లో వినాయకుడున్నాడు. ఉపన్యాసాలు పెట్టకుండా పులిహోర వండి, ఆ వరదలో మనల్ని మోసినవాళ్లను పిలిచి భోజనం పెట్టాం. కొంతమంది రాలేమన్నారు, సరే అన్నాం.

అసలు పరీక్ష అక్టోబర్ 28 రాత్రి, మొంథా తుపాను తీరం దాటినప్పుడు. టీవీలో ఆ సుడి బొమ్మ చూపిస్తుంటే కాలనీ మొత్తం టెన్షన్. పెద్దావిడను సాయంత్రమే పై ఇంటివాళ్లు మేడ మీదికి తీసుకెళ్లారు, మూటతో సహా. గీత ఫొటోలు వస్తూనే ఉన్నాయి. జనం నిద్రపోయారని అబద్ధం చెప్పను, కానీ సామాన్లు నెత్తిన పెట్టుకుని ఫ్లైఓవరు వైపు పరుగులు పెట్టడం ఈసారి లేదు. ఫ్యాను మాత్రం ఆవిడ ఇంకా బిగించుకోలేదు, టేబుల్ ఫ్యాను కొనుక్కుంది.

దండగైనవీ ఉన్నాయి. పాజిటివ్ థింకింగ్ మీద స్పీకరును పిలిస్తే "మర్చిపోండి, ముందుకు సాగండి" అని గంటసేపు చెప్పి శాలువా కప్పించుకుని వెళ్లాడు. ఆ శాలువా డబ్బులతో ఇంకో పెయింటు డబ్బా వచ్చేది. యోగా క్లాసు రెండు వారాల్లో ఆగిపోయింది, ఉదయం నీళ్లొచ్చే టైములో పెడితే ఎవరొస్తారు?

అందరూ ఫోనులో సేవ్ చేసుకోవాల్సిన నంబరు 14416. టెలీమానస్, 2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలుపెట్టింది, ఇరవై నాలుగ్గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. బతకాలని లేదన్న మాట ఇంట్లో ఎవరి నోటైనా వస్తే "ఊరికే అంటోందిలే" అని వదిలేయకండి, పక్కన కూర్చోండి, ఒంటరిగా ఉంచకండి, వెంటనే ఆ నంబరుకు చేయండి. పోలీసు కేసవుతుందని దాచేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలి, శిక్షించకూడదు అంటుంది 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. ఒంటి జబ్బులకిచ్చినట్టే మానసిక జబ్బుకూ ఇన్సూరెన్స్ ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. మన ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి (జీజీహెచ్)లో మానసిక వైద్య విభాగం ఉంది. ఒక్కరే వెళ్లడానికి మొహమాటమైతే చెప్పండి, సంఘం నుంచి ఎవరో ఒకరం వస్తాం, ఎవరికీ చెప్పం.

మిగతావి: డ్రైను పూడిక రెండు లైన్లలో తీయించాం, మూడోది అర్జీ దశలోనే ఉంది. దీపాలు వెలుగుతున్నాయి. కుక్కల సంగతి అలాగే ఉంది. పార్కు తాళం ఇక నుంచి వాచ్‌మన్ దగ్గరే, దీని మీద ఇంక చర్చ లేదు. జమాఖర్చుల కాగితం సమావేశంలో ఇస్తారు.

వచ్చే ఏడాదికి కావలసినవి: వానలు మొదలయ్యేలోపు గీతలకు మళ్లీ రంగు వేయాలి, మేడల జాబితాలో కొత్త అద్దెవాళ్ల పేర్లు చేర్చాలి, ఇళ్లు కదలలేని పెద్దవాళ్ల దగ్గరికి వారానికోసారి వెళ్లి కూర్చునేవాళ్లు కావాలి. సలహా ఇవ్వకుండా వినగలిగితే చాలు, చదువుతో పని లేదు. పేర్లు సర్వసభ్య సమావేశంలో రాసుకుంటాం. చందా బాకీ ఉన్నవాళ్లు కూడా రండి, ఆ రోజు దాని గురించి ఎవరూ అడగరు.

— కార్యదర్శి