మా గైడు వెళ్ళిపోతున్నారు

మెల్‌బోర్న్,
2025 ఆగస్టు 9.

నాన్నగారికి నమస్కారాలు.

నేను ఇక్కడ క్షేమం. మొన్న ఆదివారం ఫోనులో మా ప్రొఫెసరుగారు వేరే విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోతున్నారని చెప్పగానే మీరు మాట్లాడడం మానేశారు. అమ్మ ఫోను తీసుకుని వర్షాల సంగతి ఎత్తింది. ఆ రాత్రి మీరు సరిగా భోంచేయలేదని తర్వాత అక్క చెప్పింది. ఎందుకో నాకు తెలుసు. అందుకే అంతా కాగితం మీద పెడుతున్నాను. ఫోనులో మాటలు జారిపోతాయి, ఉత్తరమైతే మీరు రెండుమూడుసార్లు చదువుకుంటారు.

ముందు అసలు సంగతి. నా పరిశోధన ఆగదు. నా రిజిస్ట్రేషన్‌కు గానీ, స్కాలర్‌షిప్‌కు గానీ, వీసాకు గానీ ఏ ఇబ్బందీ లేదు. ఆయన వెళ్ళేది అక్టోబరులో. ఈలోపే నా కాగితాలన్నీ మారిపోతాయి.

అటక మీద రేకు పెట్టెలో ఉన్న మీ సిద్ధాంత వ్యాసం నేను ఎనిమిదో తరగతిలో ఉండగా చూశాను. మీకు చెప్పలేదు. ఊదారంగు కార్బన్ కాపీలు, అంచులు చిట్లిన కాగితాలు, మధ్యలో శాసనాల అచ్చుల మడతలు. మూడో అధ్యాయం మొదటి పేజీ మీద ఎర్ర సిరాతో ‘చూశాను’ అని ఒకే ఒక్క మాట, కింద తేదీ. నాలుగో అధ్యాయం మీద ఎర్ర సిరా ఎక్కడా లేదు. ఆ రెండు అధ్యాయాల మధ్య మీ గైడుగారు పదవీ విరమణ చేశారని అమ్మ చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది. ఇంకో గైడును వెతుక్కోమన్నారట. దొరికినాయన అంశం మార్చుకోమన్నారట. చెరువుల మీద అయిదేళ్ళు తిరిగిన మనిషిని చెరువులు వదిలెయ్యమన్నారు. మీరు వదలలేదు, గడువు దాటిపోయింది. మీ గైడుగారు మంచివారని మీరు ఇప్పటికీ అంటారు. నేనూ కాదనను. ఆయన వెళ్ళిపోయిన తర్వాత మీ బాధ్యత ఎవరిదన్నది ఏ కాగితం మీదా లేకపోవడమే మీకు జరిగిన అన్యాయం.

ఇక్కడ అది కాగితం మీద ఉంది. విశ్వవిద్యాలయం ఇష్టాయిష్టాల మీద వదిలేసిన విషయం కూడా కాదు. 2021 నాటి ఉన్నత విద్యా ప్రమాణాల చట్రం ఈ దేశంలోని విశ్వవిద్యాలయాలన్నిటికీ వర్తించే చట్టబద్ధమైన పత్రం. పాటిస్తున్నారా లేదా అని చూడడానికి టెక్సా అనే నియంత్రణ సంస్థ ఉంది. అందులో పరిశోధక విద్యార్థుల శిక్షణకు ఒక విభాగమే కేటాయించారు. ప్రతి విద్యార్థికీ ‘కొనసాగే’ పర్యవేక్షణ ఉండాలని అక్కడ రాశారు. ఆ ఒక్క మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ప్రిన్సిపల్ సూపర్‌వైజర్ అంటే ముఖ్య గైడు ఒకరు, ఆయనతో పాటు కనీసం ఒక అసోసియేట్ సూపర్‌వైజర్ ఉండాలి. ప్రిన్సిపల్‌కు డాక్టరేటు గానీ దానికి సమానమైన పరిశోధనానుభవం గానీ ఉండి, ఆ రంగంలో ఇప్పటికీ పనిచేస్తూ ఉండాలి. ఎప్పుడో ఇరవై ఏళ్ళ క్రితం రాసిన వ్యాసాలు సరిపోవు. పైగా ఆయన విశ్వవిద్యాలయానికి జవాబుదారీగా ఉండే మనిషి కావాలి. అంటే విశ్వవిద్యాలయంతో వేరే ఒప్పందమేదీ లేకపోతే, ఉద్యోగం వదిలి వెళ్ళిన రోజున ప్రిన్సిపల్‌గా కొనసాగడం కుదరదు, ఆ స్థానం ఖాళీగా ఉండడమూ కుదరదు.

చేరేటప్పుడు నాకు ఇదంతా పట్టలేదు. మీకు గుర్తుందా, ఇక్కడ మన దగ్గరలా ప్రవేశపరీక్ష లేదని చెబితే ‘మరి ఎలా తీసుకుంటారు?’ అని మీరు అనుమానపడ్డారు. ముందు గైడును ఒప్పించుకోవాలి. నేను పదిహేడు మందికి రాస్తే అయిదుగురు జవాబిచ్చారు, ఒక్కరు సరేనన్నారు. ఎమ్మెస్సీలో చేసిన ప్రాజెక్టు, మార్కులు, రెండువేల పదాల ప్రతిపాదన, ఐఈఎల్‌టీఎస్‌లో 6.5, ఇవన్నీ ఆ తర్వాతి మాట. అప్పట్లో దరఖాస్తులో రెండో పర్యవేక్షకురాలి గడి ఒకటి ఉంటే, ప్రొఫెసరుగారు చెప్పిన పేరు రాసేశాను. ఆవిడ ఎవరో, ఏం పని చేస్తారో కనుక్కోలేదు. మొదటి ఆరు నెలల్లో ఆవిడను రెండుసార్లు కలిసి ఉంటాను. చాలామంది ఇలాగే చేస్తారు, రెండో పేరును సంతకానికి పెట్టుకుంటారు. అది పెద్ద తప్పని ఇప్పుడు తెలుస్తోంది. నియమం మనిషిని ఇస్తుంది కానీ ఆ మనిషితో పరిచయం మనమే పెంచుకోవాలి.

నా కళ్ళు తెరిపించింది కన్ఫర్మేషన్. చేరిన ఏడాదికి పెట్టే పరీక్ష లాంటిది అది. అప్పటిదాకా మనం తాత్కాలిక అభ్యర్థులమే. చేసిన పని రాసి ఇచ్చి, అందరి ముందూ ఉపన్యసించి, ఆచార్యుల సంఘం అడిగినదానికి జవాబు చెప్పాలి. నాది ఈ ఫిబ్రవరిలో అయింది. ప్రశ్నలు ముగిశాక సంఘం అధ్యక్షురాలు మా ప్రొఫెసరుగారి వైపు తిరిగి, కొంచెంసేపు బయట ఉండమన్నారు. ఆయన మారుమాట్లాడకుండా లేచి, కాఫీ కప్పు చేతిలో పట్టుకుని వెళ్ళి, తలుపు మెల్లగా వేశారు. నాకు కాళ్ళు చల్లబడ్డాయి. నా మీద ఏదో ఫిర్యాదు వచ్చిందనుకున్నాను. అధ్యక్షురాలు కుర్చీ ముందుకు జరుపుకుని అడిగిందేమిటంటే: గైడు నిన్ను క్రమంగా కలుస్తున్నారా, రాసినవి సమయానికి చదివి ఇస్తున్నారా, ఇబ్బందేమైనా ఉంటే ఇప్పుడు చెప్పు, ఈ గది దాటదు. నాకు చెప్పడానికి ఏమీ లేదు, మా ప్రొఫెసరుగారు అన్నిట్లో సక్రమమైన మనిషి. అయినా ఆ రోజు గదికి వచ్చి ఏడ్చాను నాన్నగారూ. ఇంతమంది పెద్దవాళ్ళు, తలుపు మూసి, విద్యార్థిని ఆ మాట అడగడం నేనెప్పుడూ చూడలేదు. మిమ్మల్ని ఎవరైనా ఒక్కసారి అలా అడిగి ఉంటే బాగుండేదనిపించింది.

ఆ తర్వాత నుంచి రెండో ఆవిడను కూడా నెలనెలా కలవడం మొదలుపెట్టాను. ఏం మాట్లాడుకున్నామో నేనే నాలుగు వాక్యాలు రాసి ఇద్దరికీ పంపిస్తాను. ఇప్పుడు అదే అక్కరకు వచ్చింది.

మార్పు పత్రం ఎలా ఉంటుందో చెబుతాను, మీకు ఇలాంటివి చూడడం ఇష్టం. ఒక్క పేజీ. ఎడమవైపు ఇప్పటి పర్యవేక్షకులు, కుడివైపు రాబోయేవారు. ప్రతి పేరు పక్కనా ఒక అంకె, ఎవరి వంతు ఎంత శాతమని. ఇప్పటిదాకా ఆయన 70, ఆవిడ 30. ఇకనుంచి ఆవిడ ప్రిన్సిపల్‌గా 60, విభాగంలో నేలల శాస్త్రం చెప్పే ఇంకొకాయన 20, వెళ్ళిపోతున్న మా ప్రొఫెసరుగారు బయటి పర్యవేక్షకులుగా 20. ఆయన్ను పూర్తిగా వదులుకోనక్కర్లేదు. కింద అందరి సంతకాలు, అన్నిటికన్నా చివర నాది. నా సంతకం లేకపోతే ఆ పత్రం చెల్లదు. అంశం మార్చుకొమ్మని ఎవరూ అడగలేదు. నేనే భయపడి అడిగితే ఆవిడ ఆశ్చర్యపోయి, ‘కన్ఫర్మేషన్ అయిపోయిన అంశాన్ని ఎందుకు మారుస్తాం?’ అన్నారు.

ప్రొఫెసరుగారు తనతో పాటు నన్నూ రమ్మన్నారు. ఆలోచించాను. వెళితే అక్కడ మళ్ళీ ప్రవేశం, మళ్ళీ స్కాలర్‌షిప్ దరఖాస్తు, వీసా కోసం కొత్త నమోదు పత్రం. డాక్టరేటుకు ప్రభుత్వ స్కాలర్‌షిప్ గరిష్ఠంగా నాలుగేళ్ళు. అందులో ఏడాదిన్నర అయిపోయింది. ఉన్నచోటే ఉంటానని చెప్పాను. ఆయన ఏమీ అనుకోలేదు.

ఇక పరీక్ష సంగతి. పీహెచ్‌డీ వ్యాసానికి కనీసం ఇద్దరు పరీక్షకులు, ఇద్దరూ బయటి విశ్వవిద్యాలయాల వారే. పర్యవేక్షకులు దిద్దడానికి వీల్లేదు. మౌఖిక పరీక్ష చాలాచోట్ల ఉండదు. 1948లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం ఈ దేశపు మొదటి పీహెచ్‌డీలు ఇచ్చింది, పరీక్షకులేమో సముద్రాల అవతల ఉండేవారు. లిఖిత నివేదికల మీదే నడిచిన ఆ పద్ధతి నిలిచిపోయింది. ఈమధ్య కొన్నిచోట్ల మౌఖికమూ పెడుతున్నారు. బహిరంగ మౌఖికంలో మన దగ్గర వ్యాసకర్త నిలబడి సమాధానం చెప్పే తీరే నాకు నచ్చుతుంది. ఆ విషయంలో మన పద్ధతే మేలు.

మన దగ్గరా మారింది. 2022 నవంబరులో యూజీసీ కొత్త నిబంధనలు తెచ్చింది. పదవీ విరమణకు మూడేళ్ళకన్నా తక్కువ ఉన్నవారు కొత్త విద్యార్థులను తీసుకోకూడదు. పాతవారికి మాత్రం విరమణ తర్వాత కూడా 70 ఏళ్ళ వయసు వరకూ సహ పర్యవేక్షకులుగా కొనసాగవచ్చు. ప్రొఫెసరు దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు, అంతకు మించకూడదు. పెళ్ళి వల్ల ఊరు మారిన అమ్మాయి తన పరిశోధనను కొత్త విశ్వవిద్యాలయానికి తీసుకుపోవచ్చు. ఇవన్నీ చదువుతుంటే ప్రతి వాక్యం వెనకా ఎవరిదో ఒకరి రేకు పెట్టె ఉన్నట్టు అనిపించింది. చిన్నత్తయ్య కూతురు హైదరాబాదులో దరఖాస్తు పెడుతోంది కదా. గైడు పేరుప్రఖ్యాతులు తర్వాత, ఆయనకు సర్వీసు ఎన్నేళ్ళుందో, ఇప్పటికే ఎంతమంది ఉన్నారో, ఆయన లేకపోతే ఎవరు చూస్తారో ముందు అడగమని చెప్పండి. అడగడం అమర్యాద అని మాత్రం చెప్పకండి.

ఇంకొక సంగతి. కొత్త గైడు నేను పరిశోధిస్తున్న ఉప్పునేలల గురించి మాట్లాడుతూ, చెట్లు కొట్టేశాక భూగర్భజలం పైకి లేచి ఉప్పును మోసుకొచ్చే ఈ జబ్బును మీ వైపు ఎప్పటి నుంచి ఎరుగుదురని అడిగారు. పోరుమామిళ్ళ చెరువు శాసనం సంగతి చెప్పాను. 1369లోనే చెరువుకు పన్నెండు సాధనాలు, ఆరు దోషాలు లెక్కగట్టారనీ, ఆ ఆరింటిలో ఉప్పునేల ఒకటనీ అన్నాను. ఆవిడ పెన్ను తీసి రాసుకున్నారు. ఎవరు చెప్పారంటే మా నాన్నగారు రాశారన్నాను. ఎక్కడ అచ్చయిందని అడిగితే, కాలేదన్నాను. రాతప్రతినైనా పేరుతో సహా పేర్కొనవచ్చన్నారు. ఆ దోషాల శ్లోకానికి మీరు రాసిన వివరణ మూడో అధ్యాయంలోనే ఉందని నా గుర్తు. పెట్టె దించే పని మీరు పెట్టుకోకండి, అక్కను దించమనండి. పేజీలు వెలుతురులో పరిచి ఫోటోలు తీసి పంపమనండి. ఎర్ర సిరా ఉన్న పేజీ కూడా.

చలి ఇంకా ఉంది కానీ దారి పొడవునా వాటిల్ పూలు విచ్చుకున్నాయి. మన తుమ్మ జాతిదే, పసుపు మాత్రం తంగేడును తలపిస్తుంది. అమ్మకు చెప్పండి.

ఆవిడ ముఖ్య గైడుగా మా మొదటి సమావేశం 25వ తేదీ సోమవారం, ఇక్కడ పదకొండుకు, మీకు ఉదయం ఆరున్నర. ఒక గంట పడుతుంది. అయిపోగానే ఫోను చేస్తాను. ఆ రోజు నడకకు వెళ్ళేటప్పుడు ఫోను ఇంట్లో వదిలి వెళ్ళకండి.

మీ చిన్నమ్మాయి