మా పాప కౌన్సెలర్ మేడమ్‌కి

నిన్నటితో మా పాప సెషన్లు అయిపోయాయి. రాత్రంతా నిద్ర పట్టలేదు, కూర్చుని ఇది రాశాను. పాప చదివి సరే అన్నాకే పెడుతున్నాను. ఎవరి పేర్లూ రాయడం లేదు.

తనకి 14 ఏళ్లు. చేసినవాడు ఇంటి మనిషే. అంతకు మించి చెప్పను.

మొదటి రోజు పాప గది గుమ్మం దగ్గరే ఆగిపోయింది. మేడమ్ బతిమాలలేదు. తన కుర్చీ దూరంగా జరుపుకుని, తలుపు పక్క కుర్చీ పాపకి వదిలేశారు. "వెళ్లిపోవాలనిపిస్తే నన్ను అడగక్కర్లేదు, లేచి వెళ్లిపో" అన్నారు. మూడు వారాలు ఆ తలుపు ఓరగా తెరిచే ఉంది. నాలుగో వారం పాపే లేచి మూసింది.

ట్రామా ఫోకస్డ్ సీబీటీ అంటారు దీన్ని, మనసుకి తగిలిన పెద్ద గాయం నుంచి పిల్లలు తేరుకోవడానికి మాటలతో చేసే చికిత్స. మామూలుగా 12 నుంచి 16 సెషన్లట, మాకు 22 పట్టాయి. ఒక షేవింగ్ క్రీమ్ వాసనకి పాప ఒళ్లంతా ఎందుకు బిగుసుకుపోతుందో నాకు అక్కడే అర్థమైంది. మనకది జరిగిపోయిన సంగతి, తన ఒంటికి మాత్రం ఇప్పుడే జరుగుతున్నట్టు. ముందు ఊపిరి నిదానంగా తీసుకోవడం నేర్పారు. జరిగింది కొంచెం కొంచెంగా నోట్‌బుక్‌లో రాయించారు. అది పాప నాకు చదివి వినిపించే ముందు, నన్ను విడిగా కూర్చోబెట్టి సిద్ధం చేశారు.

ఆ రోజే అడిగాను, ఒకే ఇంట్లో ఉండి నేనెలా చూడలేకపోయానని. మేడమ్ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పాప చెప్పగానే మీరు నమ్మారు. తను తేరుకోవడానికి అదెంత బలమో మీకు తెలియదు" అన్నారు. అన్ని నెలల్లో అప్పటిదాకా నేను ఏడవలేదు. ఆవిడ తన తర్వాతి అపాయింట్‌మెంట్ ఆపుకుని నా పక్కనే కూర్చున్నారు. మేడమ్, ఆ అరగంటకి మీకు ఏమిచ్చినా తక్కువే.

అమ్మకీ చెల్లికీ వేరే థాంక్స్ చెప్పక్కర్లేదు, వాళ్లు నావాళ్లు.

కానీ ఈవిడ దగ్గరికి చేరేలోపు పాప ఇదంతా ఐదుగురికి చెప్పాల్సి వచ్చింది. ఒకరు రాసుకున్నది ఇంకొకరు చదవరు. ఒకాయన "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా" అన్నాడు. పాప వారం రోజులు నోరు విప్పలేదు. ఆ తర్వాత ఐదు నెలలు వెయిటింగ్. ఇంటివాడి గురించి పిల్లలు అంత త్వరగా చెప్పలేరని ఆ కుర్చీల్లో కూర్చునేవాళ్లకి ఎవరూ నేర్పరా?

అయ్యో, క్లాస్ టీచర్‌ని మర్చిపోయాను. కారణం అడగకుండా పాపని తలుపు దగ్గర బెంచీకి మార్చారు. ఇంకా రిసెప్షన్‌లో అమ్మాయి. గట్టిగా పిలిస్తే పాప ఉలిక్కిపడుతుందని గమనించి, ప్రతిసారీ లేచి దగ్గరికొచ్చి మెల్లగా పిలిచేది.