నాణేలు మనవి, అడ్రసులు పరాయివి

సంపాదకుడు గారికి,

మొన్నటి ఆదివారం అనుబంధంలో పాత నాణేల మీద వ్యాసం వేశారు. సంతోషం. 'ఆసక్తి గల విద్యార్థులు ఆన్‌లైన్‌లో మరిన్ని వివరాలు తెలుసుకోవచ్చు' అని చివర్న ఒక ముక్క తగిలించి చేతులు దులుపుకున్నారు. ఆన్‌లైన్‌లో ఎక్కడండీ? వారం రోజులు ఊరుకుని, ఇక ఉండబట్టలేక రాస్తున్నాను.

మా మనుమడు ఏడో తరగతి. మీరు వేసిన శాతవాహన నాణెం ఫొటోలో తొండమెత్తిన ఏనుగును వదిలేసి వెనకవైపు గుర్తు పట్టుకున్నాడు. కూడిక గుర్తు, నాలుగు కొసలకు నాలుగు సున్నాలు. "తాతా, ఇది డ్రోన్!" అన్నాడు. దాన్ని ఉజ్జయిని చిహ్నం అంటారురా అని చెప్పి, ఫోన్లో 'పాత నాణేలు' అని తెలుగులో కొట్టాను. వచ్చిందేమిటి? 'ఈ అయిదు రూపాయల బిళ్ల మీ దగ్గరుంటే మీరు లక్షాధికారే!' వరసబెట్టి అవే వీడియోలు. ఇలాంటి బేరాలకు తన పేరు వాడుకుంటున్నారని రిజర్వు బ్యాంకు 2021లోనే హెచ్చరించింది. వినేదెవరు?

మీరు రాయనిది నేనే రాస్తాను. కాయిన్ ఇండియా అని ఒక వెబ్‌సైటు ఉంది, అమెరికాలోని ఒక ఎకనామిక్స్ ప్రొఫెసరు గారిది. శాతవాహనులను రాజుల వారీగా చూడొచ్చు. రష్యా నుంచి నడిచే జెనో అనే సైటులో ఒకే రకం నాణేలు బోలెడు దొరుకుతాయి. ఒకదాని మీద అరిగిపోయిన బ్రాహ్మీ అక్షరం ఇంకోదాని మీద కనిపిస్తుంది, అదే దాని గొప్ప. రోమన్ నాణేలకైతే ఓక్రే అనే సైటు. ఆంధ్ర రాజుల, అంటే శాతవాహనుల, నాణేల మీద రాప్సన్ 1908లో బ్రిటిష్ మ్యూజియం కోసం చేసిన కేటలాగు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితం. కాకపోతే మా పక్క జిల్లా కోటిలింగాలలో దొరికిన, శాతవాహనుల తొలి రాజుగా చెప్పే ఛిముకుడి నాణేలు అందులో ఉండవు. అవి బయటపడింది ఆ తర్వాత ఎన్నో దశాబ్దాలకు.

ఇవన్నీ ఇంగ్లిషులోనే. శాతవాహనుల వెండి నాణేల మీద ఒకవైపు ప్రాకృతం, రెండోవైపు ద్రావిడ భాష. అది తెలుగా, తమిళమా అని పండితులు వాదించుకుంటుంటే, మన పిల్లవాడు చదువుకోవడానికి తెలుగులో ఒక్క మంచి పేజీ నాకు దొరకలేదు.

పిల్లవాణ్ని ఒక మ్యూజియానికి తీసుకెళ్లాను, పేరెందుకు లెండి. నాణేల అద్దాల పెట్టె మీద లైటు వెలగడం లేదు. చీటీ మీద 'నాణెములు, సీసము' అని ఉంది, అంతే. ఏ రాజువో, ఎక్కడ దొరికాయో లేదు. ఫొటో తీయకూడదట. పోనీ ఆన్‌లైన్‌లో పెట్టారా అంటే "డిజిటైజేషన్ నడుస్తోంది సార్" అన్నారు. నేను రిటైరైన ఏడాదీ ఇదే మాట విన్నాను, ఆరేళ్లయింది. నడుస్తూనే ఉన్నట్టుంది. వారసత్వ వారోత్సవాల ఫ్లెక్సీలకు మాత్రం డబ్బులుంటాయి, అందులోనూ 'శాతవాహణులు' అని అచ్చేసి.

మీరైనా వచ్చే ఆదివారం ఆ నాలుగు అడ్రసులు వేయండి. రాశిఫలాలకు అర పేజీ ఇస్తున్నారు, అందులో రెండంగుళాలు తగ్గిస్తే చాలు.

- రిటైర్డ్ సోషల్ టీచరు, కరీంనగర్